ఇంటికి పెద్ద వ్యాను... తాళంచెవి ఎవరి చేతికి?

ఆమధ్య జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు మనం సబ్బులు, షాంపూల లెక్క చూసుకున్నాం. మగవాళ్ళు బండ్ల లెక్క చూసుకున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన ఆ మార్పుల్లో ఒక తమాషా ఉంది. చాలామంది ఆడవాళ్ళ దృష్టికి అది రాలేదనుకుంటాను.

పొడవు నాలుగు మీటర్లకి మించకుండా, ఇంజను 1200 సీసీ లోపు ఉన్న పెట్రోలు కార్లకి (డీజిలైతే 1500 సీసీ) పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకన్నా పెద్ద కార్లకి 40 శాతం వేశారు. సెస్సుతో కలిపి అంతకుముందు 45, 50 శాతం దాకా ఉండేది కాబట్టి వాటికీ తగ్గినట్టే. అయితే డ్రైవరుతో కలిపి పదిమంది, ఆపైన ఎక్కే బండికి మాత్రం 18 శాతమే! అంటే ఏడుగురు ఎక్కే ఇన్నోవాకి 40 శాతం, అంతకన్నా పెద్దదైన పది సీట్ల వ్యానుకి 18 శాతం అన్నమాట. పదిమంది దాటితే అది విలాసం కాదు, బస్సు లాంటి అవసరం అని ప్రభుత్వం ఉద్దేశం.

ఇంకేం, పెద్ద కుటుంబాల్లో కొత్త ఆలోచన మొదలైంది. "చిన్న కారు అమ్మేద్దాం. అందరికీ సరిపోయే వ్యాను ఒకటి కొనేద్దాం" అని. మా ఇంట్లోనూ మొదలైంది. మాది విజయవాడ. అత్తయ్య, మామయ్య, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు తోడికోడళ్ళం, ముగ్గురు పిల్లలు... మొత్తం పదకొండు మందిమి. ఒకే అపార్ట్‌మెంటులో రెండు ఫ్లాట్లలో ఉంటాం. "ఎక్కడికెళ్ళినా రెండు మూడు బండ్లు కట్టించడం, ఒకరికోసం ఒకరు దారిలో ఆగడం... ఇదంతా ఎందుకమ్మా? హాయిగా అందరం ఒకే బండిలో కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు కదా" అని మా బావగారి వాదన. ఆయన మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ అమ్మేద్దామంటున్న ఆ చిన్న కారుని మా ఇంట్లో నడుపుతున్నది మా చిన్న తోడికోడలు, నేను. అందుకే నాకు అసలు ప్రశ్న ధర గురించి కాదనిపించింది. ఆ పెద్ద బండి తాళంచెవి ఎవరి చేతికి వస్తుంది? అందులో ఆడవాళ్ళు ఏ సీట్లో కూర్చుంటారు?

ఓమ్నీ నుంచి అర్బేనియా దాకా

వ్యానుని ఇంటి బండిగా వాడుకోవడం మనకి కొత్తేమీ కాదు. 1984లో వచ్చిన మారుతి వ్యాను, తర్వాత ఓమ్నీ అని పేరు మార్చుకుని ఎన్ని ఇళ్ళకి తొలి బండి అయిందో! స్కూలు పిల్లలు, పెళ్ళి సామాన్లు, కూరగాయల బస్తాలు, అన్నీ అందులోనే. 2019లో దాని తయారీ ఆగిపోయింది. ప్రమాదాల్లో మనుషుల్ని కాపాడాలంటూ వచ్చిన కొత్త భద్రతా నిబంధనలకి అది తట్టుకోలేకపోయింది. ఆ బండికి ఇంజను ముందు సీట్ల కిందే ఉండేది. ఎదురుగా ఏదన్నా గుద్దితే ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకీ ఆ దెబ్బకీ మధ్య ఉన్నది ఒక్క రేకే.

2000లో టొయోటా క్వాలిస్ వచ్చింది, 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. ఓమ్నీ తరహాలోనే వచ్చిన ఈకోకి 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు చేసిన ఢీకొట్టే పరీక్షలో ఒక్క స్టారు కూడా రాలేదు. అప్పుడు పరీక్షించిన బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. 2025లో అదే ఈకోకి ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. నిబంధన గట్టిగా ఉంటే కంపెనీలు మారతాయనడానికి ఇదొక రుజువు.

ఇక నిజంగా పెద్ద వ్యాన్లంటే మనకి తెలిసినవి టెంపో ట్రావెలర్, తుఫాను, క్రూజరు. టెంపో అన్న పేరు జనం నోట్లో అలా ఉండిపోయింది గానీ, ఆ కంపెనీ 2005లోనే ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది. వాళ్ళదే అర్బేనియా అనే కొత్త వ్యాను కూడా వచ్చింది. పది సీట్ల నుంచి పదిహేడు సీట్ల దాకా దొరుకుతుంది. చూడ్డానికి విమానం లోపలిలా ఉంటుంది. మా బావగారి మనసు దాని మీదే ఉంది.

ఏడాదిలో ఎన్నాళ్ళు?

బండి కొనేముందు షోరూముకి కాదు, గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళాలి. నేను అదే చేశాను. పోయిన ఏడాది మా ఇంట్లో ఏడుగురికన్నా ఎక్కువమంది కలిసి ప్రయాణం చేసింది ఎన్ని రోజులో రాసుకున్నాను. సంక్రాంతికి ఊరికి రెండు రోజులు, అన్నవరం మొక్కుకి రెండు, తిరుపతికి మూడు, గుంటూరులో పెళ్ళికి ఒకటి, కార్తీక వనభోజనాలకి ఒకటి. వెరసి తొమ్మిది!

ఆ తొమ్మిది రోజులకీ పద్నాలుగు సీట్ల బండి అద్దెకి మాట్లాడుకుంటే డీజిలు, డ్రైవరు బత్తాతో సహా రోజుకి సగటున 11 వేలు అయింది. అంటే మొత్తం 99 వేలు.

ఇప్పుడు కొనడం సంగతి చూద్దాం. 20 లక్షలు బ్యాంకు అప్పు తీసుకుని, తొమ్మిదిన్నర శాతం వడ్డీతో ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 32,700 రూపాయల వాయిదా పడుతుంది. ఏడాదికి 3 లక్షల 92 వేలు. ఏడేళ్ళలో వడ్డీయే ఏడున్నర లక్షల దగ్గరికి వస్తుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, డ్రైవరు జీతం... ఇవన్నీ దానిపైన. లక్ష రూపాయలతో పోయేదానికి నాలుగు లక్షలు కట్టడమంటే, పండక్కి వచ్చే చుట్టాల కోసం ఏడాది పొడుగునా కల్యాణమండపం అద్దెకి తీసుకున్నట్టు ఉంటుంది!

మరి ఆ తొమ్మిది రోజులు పోను మిగిలిన రోజుల మాటేమిటి? మా చిన్న కారు ఏడాదిలో మూడువందల రోజులు కదిలింది. మా తోడికోడలు బ్యాంకు ఉద్యోగానికి, పిల్లల ట్యూషన్‌కి, అత్తయ్య మోకాళ్ళ ఫిజియోథెరపీకి, రాత్రిపూట మందుల షాపుకి. అందులో ఎక్కువమంది ఉన్నది ముగ్గురే. ఆ పనులకి ఏడు మీటర్ల వ్యాను తీస్తామా?

పన్ను తగ్గింపు చూసి మనం మురిసిపోతాం గానీ, తగ్గింపు అనేది ఖర్చుపెట్టినవాళ్ళకే. అసలు ఖర్చే పెట్టనివాళ్ళకి మిగులు నూటికి నూరు శాతం.

లైసెన్సు సరే... గేటు సంగతో?

"పెద్ద బండి ఆడవాళ్ళు నడపకూడదు, మీ లైసెన్సు చెల్లదు" అని ఎవరన్నా అంటే నమ్మకండి. సొంత వాడకానికి రిజిస్టరైన బండి మొత్తం బరువు 7,500 కిలోలు మించకపోతే మన కారు లైసెన్సే సరిపోతుంది. రవాణా బండ్లకి కూడా ఆ బరువు లోపు అదే లైసెన్సు చాలునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కాబట్టి చట్టం మనకి అడ్డం కాదు.

అడ్డం వచ్చేది మన వీధి, మన అపార్ట్‌మెంటు. ఒక కారు పార్కింగుకి సాధారణంగా వదిలేది రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. అర్బేనియాలో పెద్ద రకం పొడవు ఏడు మీటర్లు. ఎత్తు సుమారు రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగుల పైమాటే. చాలా అపార్ట్‌మెంట్లలో కింద పార్కింగు కప్పు ఎత్తు కూడా అంతే. బండి లోపలికి దూరదు, దూరినా పైపులకి తగులుతుంది. ఇక దాని చోటు వీధిలోనే. వీధిలో పెట్టిన బండిని సందులోంచి వెనక్కి తీయాలంటే ఎదురింటి స్కూటరు తీయించాలి, వెనక ఒకరు నిలబడి "రా... రా... ఆపు" అనాలి. మా తోడికోడలు చక్కగా నడుపుతుంది. కానీ పొద్దున్నే తొమ్మిదింటికి బ్యాంకులో ఉండాల్సిన మనిషి రోజూ ఇది చెయ్యగలదా? వారం రోజుల్లో "డ్రైవరుని పెట్టుకుందాంలే" అంటారు. డ్రైవరు ఎప్పుడొస్తాడో, ఎవరి పనికి ముందు వెళ్ళాలో నిర్ణయించేది మళ్ళీ ఇంటి పెద్దలే. చట్టం ఇచ్చిన తాళంచెవి అలా మేకుకి వేలాడుతుంది!

ఇక్కడ ఒక్కమాట. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. దాని మంచిచెడ్డల మీద ఎన్ని వాదాలున్నా, ఒక సంగతి కళ్ళకి కనిపించింది. చేతిలో డబ్బుల కోసం, తోడు కోసం ఎదురుచూడకుండా ఆడవాళ్ళు తమ పని మీద తాము బయల్దేరారు. ఇంట్లో ఉన్న చిన్న కారో, స్కూటీయో చేసేదీ ఆ పనే. అందరినీ కలిపి తీసుకెళ్ళే బండి కోసం, ఒక్కతే వెళ్ళగలిగే బండిని వదులుకోవడం నా దృష్టిలో చవక బేరం కాదు.

వెనక సీటు ఎవరిది?

మీ ఇంటివాళ్ళంతా కలిసి బండెక్కినప్పుడు ఎవరెక్కడ కూర్చుంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. డ్రైవరు పక్కన ఇంటిపెద్ద. మధ్యలో పెద్దవాళ్ళు, అల్లుళ్ళు. అన్నిటికన్నా వెనక కోడళ్ళు, పిల్లలు, పులిహోర డబ్బాలు, సూట్‌కేసులు! కుదుపు ఎక్కువ అక్కడే, ఏసీ గాలి తక్కువ అక్కడే, వాంతులు అక్కడే. బెల్టు దొరకనిదీ అక్కడే. సీటు సందుల్లోకి ఎక్కడికో పోయి ఉంటుంది, ఎవరూ వెతకరు.

వెనక కూర్చున్నవాళ్ళకి బెల్టు ఎందుకులే అనుకునేవాళ్ళు 2022 సెప్టెంబరు 4న జరిగింది మర్చిపోకూడదు. టాటా గ్రూపు మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో చనిపోయారు. ఖరీదైన కారే. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు, ఇద్దరూ పోయారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. బెల్టు పెట్టుకోకపోతే 2019 సవరణ చట్టం ప్రకారం 1000 రూపాయల జరిమానా. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోయినా అంతే. బిడ్డని ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాం కదా అనుకుంటాం. బండి ఒక్కసారిగా ఆగిపోతే పది కిలోల బిడ్డని ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు. గోడవారగా ఎదురెదురు బల్లలున్న పాతరకం బండ్లలోనైతే బెల్టు మాటే ఉండదు.

పరీక్షకి కూర్చోని బండి

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి మనదేశంలోనే బండ్లని ఢీకొట్టించి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. చాలా మంచి పని. కానీ అది డ్రైవరు కాక ఎనిమిది సీట్ల దాకా ఉండి, బరువు మూడున్నర టన్నులు మించని బండ్లకే. పది సీట్ల వ్యాను దాని కిందికి రాదు. అంటే ఏ సీట్ల లెక్కతో పన్ను తగ్గుతోందో, ఆ లెక్కతోనే స్టార్ల పరీక్షా తప్పిపోతోంది! ఇంటిల్లిపాదినీ ఎక్కించే బండికి, నలుగురు ఎక్కే చిన్న కారుకున్నపాటి మార్కుల కాగితం కూడా చేతికి రాదు. ఆ బండ్లు మంచివి కావని నేననడం లేదు. అర్బేనియాలో ముందు సీట్లకి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. నాలుగు, ఐదు వరసల్లో కూర్చున్నవాళ్ళకి ఏముందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఇలాంటి బండ్లు అమెరికాలో చాలాకాలంగా ఉన్నాయి. పదిహేను మంది ఎక్కే వ్యాన్ల మీద 2001లో అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. వేరే బండి ప్రమేయం లేకుండా జరిగిన ప్రమాదాల్ని పరిశీలిస్తే, పదిమందీ ఆపైన ఎక్కిన వ్యాను బోల్తా పడే అవకాశం, కొద్దిమందే ఉన్న వ్యానుతో పోలిస్తే దాదాపు మూడురెట్లని తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. జనం ఎక్కేకొద్దీ బరువు పైకీ, వెనక్కీ జరుగుతుంది. బిందె మీద బిందె పెట్టుకుని నడుస్తూ గబుక్కున పక్కకి తిరిగితే ఏమవుతుందో మనకి తెలియదూ! అందుకే టాపు మీద సామాను వెయ్యొద్దు, టైర్లలో గాలి సరిచూసుకోండి, అనుభవం ఉన్న డ్రైవరే నడపాలి, అందరూ బెల్టు పెట్టుకోవాలి అని వాళ్ళు చెప్పారు. అక్కడి వ్యాన్లు, ఇక్కడి వ్యాన్లు ఒకటి కావు. కానీ మన శ్రీశైలం ఘాటులో, టాపు మీద బియ్యం బస్తాలతో వెళ్ళే బండికి ఈ నాలుగు మాటలూ వర్తించవా చెప్పండి?

ఎవరికి పనికొస్తుంది?

పెద్ద వ్యాను ఎవరికీ వద్దని నా అభిప్రాయం కాదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, కుర్చీతో సహా ఎక్కించుకోడానికి అంత చోటు నిజంగా కావాలి. వంటల వ్యాపారం, ట్యూషన్ కేంద్రం లాంటివి నడుపుకునేవాళ్ళకి రోజూ పని ఉంటుంది. ఊళ్ళో సొంత ఆవరణ ఉండి, వారానికి రెండుమూడుసార్లు పదిమంది కదిలే కుటుంబాలూ ఉన్నాయి. అలాంటివాళ్ళకి అది బరువు కాదు. పైగా అందరం ఒకచోట కూర్చుని వెళ్ళే సంతోషాన్ని రూపాయల్లో లెక్క కట్టలేం.

అయితే కొనేముందు ఈ నాలుగూ చూసుకోండి. తెల్ల బోర్డుతో సొంతానికి రిజిస్టరు చేస్తారా, పన్ను ఏ లెక్కన కట్టాలి అని ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. "ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకి తిప్పుకోవచ్చు, వాయిదాలు వచ్చేస్తాయి" అన్న మాట నమ్మకండి. పర్మిట్టు లేని తెల్ల బోర్డు బండిని అద్దెకి తిప్పడం నేరం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. డ్రైవరు కాక పన్నెండు సీట్లు దాటితే జాతీయ రహదారుల మీద టోలు కూడా మినీబస్సు లెక్కన పడుతుంది. 2008 నాటి నిబంధనల్లో కిలోమీటరుకి కారుకి 65 పైసలైతే మినీబస్సుకి రూపాయి ఐదు పైసలు పెట్టారు. ఇక నాలుగోది, షోరూముకి మగవాళ్ళు మాత్రమే వెళ్ళకూడదు. అత్తయ్యని తీసుకెళ్ళి ఆ మెట్టు ఎక్కించి చూడండి. చీర కట్టుకుని చివరి వరసలో మీరు కూర్చుని చూడండి. ప్రతి సీటుకీ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో చేత్తో లాగి చూడండి.

అద్దెకి తీసుకునేటప్పుడూ మన జాగ్రత్తలు మనకుండాలి. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తాయి. అద్దె బండ్లకి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సీట్లకి మించి ఎక్కించొద్దు. అదనంగా ఎక్కిన ఒక్కొక్కరికీ 200 జరిమానా అన్నది చిన్నమాట, బెల్టు లేని మనిషి ఒకరు పెరిగారన్నది పెద్దమాట. "రాత్రంతా నడిపించి తెల్లారేసరికి ఇంటికి చేరిపోదాం" అన్నప్పుడు వద్దని చెప్పే గొంతు మనదే కావాలి. తెల్లవారుజామున కునుకు పట్టేది మనకే కాదు, డ్రైవరుకీ పడుతుంది. ఒక రాత్రి సత్రంలో పడుకుంటే పోయేదేమీ లేదు.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఇలాంటి సందర్భాలు వచ్చినప్పుడల్లా పెద్ద బండి మాట ఇళ్ళల్లో లేస్తూనే ఉంటుంది. మా ఇంట్లో ప్రస్తుతానికి చిన్న కారు అమ్మకం ఆగింది. వ్యాను మాట పూర్తిగా పోలేదు. మూడు నెలలపాటు ఎవరు, ఏ రోజు, ఎక్కడికి, ఏ బండిలో వెళ్ళారో ఒక నోటు పుస్తకంలో రాద్దామని మామయ్యే అన్నారు. ఎవరి పని ఏ బండి మీద నడుస్తోందో అందులో తేలుతుంది. మీ ఇంట్లోనూ ఈ చర్చ వస్తే వంటింట్లోంచి వినకండి. కాగితం, కలం తీసుకుని వాళ్ళ మధ్యకొచ్చి కూర్చోండి. చివరి వరసలో కూర్చునేది మనమూ, మన పిల్లలూ అయినప్పుడు మొదటి మాట కూడా మనదే కావాలి.